కదిరి నుంచి, తలుపుల మీదుగా, పులివెందులకు



కదిరిలో బస్సెక్కి పులివెందులకు పోయేవాళ్లు తలుపుల మీదుగా పోతారు. ఈ మాట ఇంగ్లీషులో చెప్పమని పదో తరగతి చదివే పిల్లనో పిల్లవాడినో అడిగి చూడండి. బస్సు వాళ్లకు తెలుసు, పోవడానికి ఇంగ్లీషులో ఏమంటారో తెలుసు, మూడు ఊళ్ల పేర్లూ తెలుసు. అయినా నోరు ఆగిపోతుంది. ఊరికీ ఊరికీ మధ్య పెట్టాల్సిన చిన్న మాటలు దొరకవు. ‘ద బస్ గోస్ ఫ్రమ్ కదిరి టు పులివెందుల త్రూ తలుపుల.’ ఈ వాక్యంలో ఫ్రమ్, టు, త్రూ అనే మూడు మాటలే దారి చూపిస్తున్నాయి. అవి తీసేస్తే బస్సూ మూడు ఊళ్లూ మిగులుతాయి, ప్రయాణం మిగలదు. వీటినే ప్రిపోజిషన్లు అంటారు. ఈ రోజు వాటి గురించి కొంత వివరంగా మాట్లాడదామని వచ్చాను.

మన పిల్లలు వీటి దగ్గర తడబడడానికి కారణం, మనం వాళ్ల చేతికిచ్చిన పట్టిక అని నేను గట్టిగా నమ్ముతాను. ‘లో’ అంటే ఇన్, ‘మీద’ అంటే ఆన్, ‘కు’ అంటే టు, ‘తో’ అంటే విత్, ‘నుంచి’ అంటే ఫ్రమ్. ఐదో తరగతిలో ఇచ్చే ఈ పట్టిక మొదటి వారం బాగానే పనికొస్తుంది. తరవాత ఏళ్ల తరబడి తప్పుదారి పట్టిస్తుంది. పరీక్షలో ఖాళీలు పూరించేటప్పుడు పిల్లవాడు ముందు వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకుంటాడు, అక్కడ ఏ విభక్తి వచ్చిందో చూస్తాడు, పట్టికలో దానికెదురుగా ఉన్న మాట తెచ్చి ఖాళీలో పెడతాడు. లెక్క ప్రకారం అంతా సరిగానే చేశాడు. మార్కు మాత్రం రాదు. ఎందుకు రాలేదో అతనికి చెప్పేవాళ్లూ ఉండరు.

ఇంతకీ ప్రిపోజిషన్ చేసే పని ఏమిటి? ఒక నామవాచకానికీ వాక్యంలోని మిగతా మాటలకూ ఉన్న సంబంధం చెబుతుంది. ఆ పని మన భాషలో విభక్తులు చేస్తాయి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. డు ము వు లు దగ్గర మొదలై సప్తమీ విభక్తి దాకా సాగే వరసను మన పెద్దవాళ్లంతా బడిలో వల్లె వేసినవాళ్లే. తేడా ఏమిటంటే, మన ప్రత్యయం పేరు వెనక వస్తుంది, వాళ్ల మాట పేరు ముందు వస్తుంది. మనది ‘కదిరి నుంచి’, వాళ్లది ‘ఫ్రమ్ కదిరి’. సంబంధాలు రెండు చోట్లా ఒకటే. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి, ఎవరితో, దేనితో, ఎందుకు. తలుపులలో పుట్టిన మూడేళ్ల పాపకు కూడా ఇవన్నీ వచ్చు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఇంగ్లీషు వాటిని ఎలా పంచుకుందన్నదే.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో కూడా విభక్తి ప్రత్యయాలు ఉండేవి. నామవాచకం చివర అక్షరం మారితే అది కర్తో, కర్మో, ఎవరికి ఇచ్చిందో తెలిసేది. ప్రిపోజిషన్లు అప్పుడూ ఉన్నాయి కానీ బరువంతా వాటి మీద లేదు. కాలక్రమంలో పలుకుబడిలో ఆ చివరి అక్షరాలు అరిగిపోయాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరవాతి రెండు మూడు వందల ఏళ్లలో దాదాపు అన్నీ పోయాయి. వాటి పని కొంత మాటల వరసకు వచ్చింది, కొంత ఈ చిన్న మాటల నెత్తిన పడింది. అందుకే ఒక్కో ప్రిపోజిషన్‌కు అన్ని అర్థాలు. పాత ప్రత్యయాల గుర్తులు ‘హి’, ‘హిమ్’ లాంటి జంటల్లో ఇంకా కనిపిస్తాయి.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఉచ్చారణ గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లీషు వాళ్లు మాట్లాడేటప్పుడు ప్రిపోజిషన్లను పూర్తిగా పలకరు. ‘టు’ అనేది ‘ట’ అయిపోతుంది, ‘ఫర్’ అనేది ‘ఫ’ అయిపోతుంది, ‘ఎట్’ అనేది ‘అట్’ అయి పక్క మాటలో కలిసిపోతుంది. పుస్తకంలో చూసి నేర్చుకున్న పిల్లవాడికి అవి చెవిన పడవు. చెవిన పడనిది నోట రాదు. కాబట్టి ఇంగ్లీషు వార్తలు వినేటప్పుడు ఒక ఐదు నిమిషాలు పెద్ద మాటలను వదిలేసి, వాటి మధ్య ఏ చిన్న మాట పలికారో వినడం అలవాటు చేసుకోండి. ఇంకొకటి. ‘ఓ, ఎఫ్’ అని రాసే మాటను ‘ఆఫ్’ అనకూడదు. ‘ఆవ్’ అనాలి. ఎఫ్ అక్షరం రెండుసార్లు వస్తేనే ‘ఆఫ్’. ఒకప్పుడు ఆ రెండూ ఒకటే మాట, దూరమవడం, వేరవడం దాని మొదటి అర్థం. తరవాత ఒకటి రెండయింది. మనం బోరు మోటరు ఆఫ్ చేసేది ఎఫ్‌లు రెండున్న మాటతో.

ఇక ‘కు’ దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం సేపు ఆగాలి. దారిలో ఎదురైన మనిషి ‘యాడికి పోతాండావన్నా?’ అంటే ‘కదిరికి పోతాండా’ అంటాం. ఈ ‘కి’ ఇంగ్లీషులో టు అవుతుంది. ‘ఐదు గంటలకు రా’ అన్నప్పుడు ఎట్ అవుతుంది. ‘తలుపుల కదిరికి ఎంత దూరం?’ అన్నప్పుడు ఫ్రమ్ అవుతుంది. ‘జ్వరానికి మందు’ అన్నప్పుడు ఫర్. ‘వేలికి ఉంగరం’ అన్నప్పుడు ఆన్. ‘పుస్తకానికి అట్ట’ అన్నప్పుడు ఆఫ్ అని రాసి ఆవ్ అని పలికే మాట. ‘బీగానికి చెవి’ అన్నప్పుడు మళ్లీ టు, ‘ద కీ టు ద లాక్’. ‘నాకు జ్వరం’, ‘ఆయప్పకు ఇద్దరు కూతుర్లు’ అన్నప్పుడు ప్రిపోజిషన్ అసలే ఉండదు, ‘హావ్’, ‘హాజ్’ వస్తాయి. ‘ఇంటికి పోతాండా’ అన్నప్పుడు కూడా ఉండదు. ‘ఐ యామ్ గోయింగ్ హోమ్’ అంటే చాలు, హోమ్ ముందు టు పెట్టకూడదు.

ఇన్ని పనులు చేసే ‘కు’ను మన పిల్లవాడు ఏ పొరపాటూ లేకుండా వాడతాడు. అలాంటివాడికి ‘కు అంటే టు’ అని ఒక్క ముక్కలో చెప్పి పంపేస్తే వాడి తెలివికి అన్యాయం చేసినట్టే. ‘ఈ కు ఏ కు?’ అని అడగాలి. పోయే చోటా, గడియారంలో వేళా, దూరమా, అంటుకుని ఉన్నదా, సొంతమా? ఈ ప్రశ్నకు జవాబు తెలుగులోనే దొరుకుతుంది. అది దొరికాక ఇంగ్లీషు మాట ఎంచుకోవడం సగం తేలికవుతుంది. మాతృభాషను పక్కకు నెడితే ఇంగ్లీషు వస్తుందని అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గమనించాలని నా మనవి. మన రాష్ట్రంలో 2020–21 నుంచి బడి పుస్తకాలు ఒక పుట ఇంగ్లీషు, ఎదురు పుట తెలుగుగా వస్తున్నాయి. ఈ రెండు పుటల మధ్య చూపు అటూ ఇటూ తిప్పి, ఇక్కడి ‘కు’ అక్కడ ఏమైందో వెతకమంటే, ఒక్క పాఠంలోనే పిల్లలకు పది ఉదాహరణలు దొరుకుతాయి. డబ్బు ఖర్చు లేని పద్ధతి ఇది.

ఇదే దారిలో ఎదురు దిక్కు నుంచి నడిచిన మనిషి ఒకాయన మన ప్రాంతానికి బాగా తెలుసు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. ఆ రోజుల్లో కదిరి తాలూకా కడప జిల్లాలోదే, 1910లో గానీ అనంతపురం జిల్లాలో కలవలేదు. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన పద్యాలను సేకరించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో నిఘంటువు. మాటకు ముందు టు, ఫ్రమ్ పెట్టడం అలవాటైన నోటితో, మాటకు వెనక కు, నుంచి చేర్చడం ఆయన నేర్చుకోవాల్సి వచ్చింది. ఆయన నిఘంటువు తెరిచి చూస్తే మాటకు ఒక అర్థం రాసి ఊరుకోలేదని తెలుస్తుంది. పద్యాల్లో ఎలా వాడారో, జనం నోట ఎలా ఉందో వాక్యాలతో చూపించాడు. పట్టికతో భాష రాదని ఆయనకు తెలుసు. కడపలో ఆయన పేరు మీద ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి పిల్లలను ఒకసారి తీసుకుపోయి ఆ నిఘంటువు పుటలు తిప్పించండి.

ఇప్పుడు ఎట్, ఆన్, ఇన్. చోటు చెప్పే మాటల్లో ఈ మూడే ఎక్కువ వాడుకలో ఉంటాయి. మీరు ఏ ఇంట్లో కూర్చుని వింటున్నారో ఆ ఇంటి తలుపు వైపు చూడండి. ఎవరో వచ్చి నిలబడ్డారు. ‘సమ్‌వన్ ఈజ్ ఎట్ ద డోర్.’ తలుపు ఇక్కడ ఒక గుర్తు, ఒక బిందువు. మనిషి ఆ బిందువు దగ్గర ఉన్నాడు. తలుపు చెక్క మీద ఇంటి నంబరు రాసి ఉంది. అది ‘ఆన్ ద డోర్’. చెక్కకు అంటుకుని ఉంది కాబట్టి ఆన్. బీగం చెవి రంధ్రంలో ఉండిపోయింది, అది ‘ఇన్ ద డోర్’. మామిడాకుల తోరణం ‘ఓవర్ ద డోర్’. చీపురు ‘బిహైండ్ ద డోర్’. పిల్లి లోపలికి వచ్చిన దారి ‘త్రూ ద డోర్’. ఒకే తలుపు. దాని చుట్టూ ఉన్నవి మారిన కొద్దీ మాట మారింది. ఇలాంటి పాఠం నల్లబల్ల మీద కన్నా తరగతి గది గుమ్మం దగ్గర చెబితే బాగా పడుతుంది.

బిందువైతే ఎట్, అంటుకుంటే ఆన్, చుట్టూ హద్దు ఉంటే ఇన్. ఈ చూపు పట్టుబడితే ఊరి పేరు ముందు కూడా సందేహం ఉండదు. తలుపులలో కాపురం ఉన్నవాళ్లకు అది నాలుగు వీధులున్న ఊరు, అందుకని ‘ఐ లివ్ ఇన్ తలుపుల’. పులివెందుల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు అది దారిలో ఒక ఆగే చోటు, అందుకని ‘ద బస్ స్టాప్స్ ఎట్ తలుపుల’. ఊరు మారలేదు, చూసేవాళ్లు మారారు.

ఆన్ అంటే ‘మీద’ అని నేర్చుకున్నవాళ్లు ఇంటి పైకప్పుకు పట్టుకుని ఉన్న బల్లిని చూసి ఇబ్బంది పడతారు. అది కప్పుకు కింద ఉంది. అయినా ఇంగ్లీషులో ‘ఆన్ ద సీలింగ్’. ఆన్‌కు కావాల్సింది తాకడం. అది పైనుంచైనా, కిందనుంచైనా, పక్కనుంచైనా సరే. దీన్ని ఇంకా బాగా చూపించే చోటు మన శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉంది. హిందూపురానికి దాదాపు పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. పెనుకొండ పెద్ద పట్టణంగా వెలిగిన విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన వీరభద్ర దేవాలయం. అక్కడి వేలాడే స్తంభం చూడనివాళ్లు ఇక్కడ తక్కువ. మిగతా స్తంభాలు నేల మీద నిలబడ్డాయి, ‘దే స్టాండ్ ఆన్ ద ఫ్లోర్’. దీనికీ నేలకూ మధ్య సన్నని సందు ఉంది, ‘బిట్వీన్ ద పిల్లర్ అండ్ ద ఫ్లోర్’. వచ్చినవాళ్లు కండువానో చీర కొంగునో ఆ సందులో దూర్చి అవతలికి లాగుతారు. గుడ్డ పోయింది ‘అండర్ ద పిల్లర్’, ‘ఫ్రమ్ వన్ సైడ్ టు ది అదర్’. స్తంభం వేలాడుతోంది ‘ఫ్రమ్ ద రూఫ్’. గుడ్డ దూరింది కాబట్టే అక్కడ ఆన్ పనికిరాలేదు. ఆన్ అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు ఇంకెక్కడా కనిపించలేదు. విహారయాత్రకు లేపాక్షి పోయే బడిపిల్లలకు ఆ స్తంభం దగ్గరే ఈ ఐదు మాటలూ చెప్పి చూడండి.

తిమ్మమ్మ మర్రిమాను దగ్గర ఇంకొకటి నేర్చుకోవచ్చు. ఐదెకరాలకు పైగా పరుచుకున్న మాను అది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మర్రిపండు ‘ఆన్ ద ట్రీ’, ఎందుకంటే కొమ్మకు అంటుకుని ఉంది. ఆకుల్లో కూర్చున్న చిలక ‘ఇన్ ద ట్రీ’, ఎందుకంటే చుట్టూ కొమ్మలూ ఆకులూ ఉన్నాయి. మనం ‘చెట్టుకు పండు’, ‘చెట్టు మీద చిలక’ అంటాం. పట్టిక పట్టుకుని పోతే రెండూ తలకిందులవుతాయి.

కాలం చెప్పేటప్పుడు కూడా ఈ మూడు మాటలే. గడియారం చూపే వేళకు ఎట్, రోజుకూ తేదీకీ ఆన్, నెలకూ సంవత్సరానికీ ఇన్. కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో జరుగుతాయి, ఎక్కువగా అది ‘ఇన్ మార్చ్’. రథం లాగే రోజు చెబితే ‘ఆన్’, రథం కదిలే గంట చెబితే ‘ఎట్’. పొద్దున అంటే ‘ఇన్ ద మార్నింగ్’, కానీ సోమవారం పొద్దున అంటే ‘ఆన్ మండే మార్నింగ్’. రాత్రి మాత్రం ‘ఎట్ నైట్’. దీన్ని అలాగే గుర్తు పెట్టుకోవాలి, వేరే దారి లేదు.

‘నుంచి’ విషయం ఇంత తేలిక కాదు. దీనితో ఆరోగ్యానికి కూడా సంబంధం ఉంది. మన ప్రాంతం నుంచి బెంగళూరు ఆసుపత్రులకు పోయేవాళ్లు చాలామంది. అక్కడ తెలుగు రాని డాక్టరు ఎదురుపడితే, వెంట వచ్చిన కాలేజీ పిల్లే ఇంగ్లీషులో చెప్పాలి. జేజికి మూడు దినాల నుంచి జ్వరం. ఆ పిల్ల నోట వెంటనే వచ్చేది ‘సిన్స్ త్రీ డేస్’, లేకపోతే ‘ఫ్రమ్ త్రీ డేస్’. సరైనది ‘షి హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్’. ఎప్పుడు మొదలైందో ఆ రోజు పేరు చెబితే సిన్స్, ‘సిన్స్ మండే’. ఎంత కాలమో చెబితే ఫర్, ‘ఫర్ త్రీ డేస్’. తెలుగులో ‘సోమవారం నుంచి’ అన్నా ‘మూడు దినాల నుంచి’ అన్నా ఒకటే మాట కాబట్టి ఈ పొరపాటు వస్తుంది. మొదలా, కొలతా అని ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. క్రియ కూడా ఇక్కడ మారుతుంది, ‘హాజ్’ అని సరిపెట్టకుండా ‘హాజ్ హాడ్’ అనాలి. జ్వరం అప్పుడు మొదలై ఇప్పటికీ ఉందని డాక్టరుకు తెలియాలి కదా.

గడువుల దగ్గర ప్రిపోజిషన్ తప్పితే డబ్బు నష్టం కూడా ఉంటుంది. శుక్రవారం వరకు దుకాణం తెరిచి ఉంటుంది, ‘టిల్ ఫ్రైడే’. శుక్రవారం లోగా దరఖాస్తు ఇవ్వాలి, ‘బై ఫ్రైడే’. టిల్ అంటే ఆ రోజు దాకా పని సాగుతూనే ఉంటుంది. బై అంటే ఆ రోజు దాటకుండా పని అయిపోవాలి. అలాగే ‘ఇన్ టూ డేస్’ అంటే ఇవాళ్టి నుంచి రెండు రోజులు గడిచాక. ‘వితిన్ టూ డేస్’ అంటే ఆ రెండు రోజుల లోపల ఎప్పుడైనా. మనం రెండింటికీ ‘రెండు రోజుల్లో’ అనే అంటాం. బ్యాంకుకో కంపెనీకో ఉత్తరం రాసేటప్పుడు ఈ తేడా చూసుకోండి.

‘తో’ గురించి రెండు మాటలు. పెన్నుతో రాస్తే విత్, ఇంకుతో రాస్తే ఇన్. ధర్మవరం చీర పట్టుతో చేసింది. చీరలో పట్టు పట్టుగానే కనిపిస్తుంది, అందుకని ‘మేడ్ ఆఫ్ సిల్క్’. ఇక్కడ ఆఫ్‌లో ఎఫ్ ఒకటే, ఆవ్ అని పలకండి. చెనిక్కాయలతో నూనె ఆడిస్తే నూనెలో కాయ కనిపించదు, అందుకని ‘మేడ్ ఫ్రమ్ గ్రౌండ్‌నట్స్’. సరుకు రూపం మిగిలిందా, మారిపోయిందా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. మగ్గం దగ్గరా గానుగ దగ్గరా పెరిగిన పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవి బొమ్మ గీసి చూపించగలిగినవి. బొమ్మకు అందనివి కొన్ని ఉన్నాయి. క్రియతోనో విశేషణంతోనో జత కట్టి ఉంటాయి. ‘మీద’ తీసుకోండి. నీ మీద కోపం, ‘యాంగ్రీ విత్ యూ’. నీ మీద నమ్మకం, ‘ఫెయిత్ ఇన్ యూ’. నీ మీద ప్రేమ, ‘లవ్ ఫర్ యూ’. నీ మీద కేసు, ‘ఎ కేస్ ఎగైన్‌స్ట్ యూ’. మనకు ఒక్క ‘మీద’తో జరిగిపోయేది ఇంగ్లీషులో నాలుగు మాటలుగా విడిపోయింది. ఆమెతో పెళ్లయింది అంటే ‘మ్యారీడ్ టు హర్’. పాములంటే భయం, ‘అఫ్రెయిడ్ ఆఫ్ స్నేక్స్’. లెక్కల్లో దిట్ట, ‘గుడ్ ఎట్ మ్యాథ్స్’. ఇక్కడ కారణాలు వెతుకుతూ కూర్చుంటే పొద్దుపోతుంది. యాంగ్రీ అన్న మాట నేర్చుకున్న రోజే విత్ తో కలిపి నేర్చుకోవాలి. కొత్త మాట నోటుపుస్తకంలోకి ఒంటరిగా ఎక్కకూడదు, దాని జతతో ఎక్కాలి. నేను పిల్లలకు పదే పదే చెప్పే మాట ఇదే.

‘డిస్కస్ ఎబౌట్’ అనే పొరపాటు పెద్దవాళ్లు కూడా చేస్తారు. సమస్య గురించి చర్చించాం అంటాం కాబట్టి ‘ఎబౌట్’ దానంతట అదే వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ‘వి డిస్కస్డ్ ద ప్రాబ్లమ్’, అంతే. ఇది గుర్తుంచుకోవడానికి చిన్నయసూరి సాయపడతాడు. ఆయన ‘గురించి’ని ద్వితీయా విభక్తిలో, అంటే ని, ను ఉన్న వరసలోనే పెట్టాడు. సమస్యను చర్చించాం అని మార్చి చూడండి. ఆ ‘ను’ ఉన్నచోట ఇంగ్లీషుకు ప్రిపోజిషన్ అక్కరలేదు. ‘ఆన్సర్ ద క్వశ్చన్’, ‘రీచ్ ద విలేజ్’, ‘ఎంటర్ ద రూమ్’ కూడా అంతే. ఊరికి చేరాను అన్నా ‘ఐ రీచ్డ్ టు ద విలేజ్’ అనకూడదు.

ఇద్దరి మధ్య అయితే బిట్వీన్, ఎక్కువమంది అయితే అమాంగ్ అని ట్యూషన్లలో చెబుతారు. అది సగం నిజమే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య బస్సులు తిరుగుతున్నాయి అనాలంటే మూడు ఊళ్లున్నా బిట్వీనే. ఏ ఊరికి ఆ ఊరు విడిగా లెక్కలో ఉంది కాబట్టి. గుంపులో కలిసిపోయినప్పుడే అమాంగ్. జనంలో ఒకడు, ‘అమాంగ్ ద క్రౌడ్’.

దిక్కులు చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం దక్షిణాన ఉంది, జిల్లా లోపలే ఉంది, ‘ఇన్ ద సౌత్ ఆఫ్ ద డిస్ట్రిక్ట్’. బెంగళూరు హిందూపురానికి దక్షిణాన ఉంది, కానీ బయట ఉంది, ‘టు ద సౌత్ ఆఫ్ హిందూపూర్’. హద్దును ఆనుకుని ఉంటే ‘ఆన్’. పొలం దస్తావేజులో చెక్కుబంది రాసే చోట ఈ ఆన్ కనిపిస్తుంది. ‘బౌండెడ్ ఆన్ ద ఈస్ట్ బై’ అని మొదలుపెట్టి తూర్పున ఎవరి పొలమో, పడమర ఏ దారో, ఉత్తరాన ఏ వంకో వరసగా రాస్తారు. ఆన్ దిక్కును చెబుతుంది, బై ఆ దిక్కున హద్దు ఏదో చెబుతుంది. ఇంగ్లీషు దస్తావేజు మీద సంతకం పెట్టే ముందు ఇంట్లో చదువుకున్న పిల్లలతో ఈ నాలుగు వరుసలు చదివించుకోండి. తూర్పున ఉన్నది పడమర చేరితే దిద్దించుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలో రైతులకు నేను చెప్పనక్కర్లేదు.

చివరగా ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదని కొందరు ఇప్పటికీ ఎర్ర సిరాతో కొట్టేస్తున్నారు. 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి, తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రాతలో ఇది దోషమని అన్నాడు. తరవాతి వ్యాకరణాలు ఆ మాటను పట్టుకున్నాయి. మాట్లాడే ఇంగ్లీషు మాత్రం దాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. ‘వేర్ ఆర్ యూ ఫ్రమ్?’ ‘వాట్ ఆర్ యూ లుకింగ్ ఫర్?’ ‘హూ డిడ్ యూ గో విత్?’ ఇవన్నీ మంచి ఇంగ్లీషే. ఆఫీసుకు రాసే ఉత్తరంలో ‘టు హూమ్’, ‘విత్ హూమ్’ అని ముందుకు తెచ్చుకోవచ్చు, అదీ సరైనదే. ‘యాడి నుంచి వస్తాండావు?’ అని రోజూ అడిగే పిల్ల, ఆ ‘నుంచి’ని వాక్యం చివర ‘ఫ్రమ్’గా పెట్టి ఇంగ్లీషులో అడగగలిగితే, దయచేసి ఆమెకు పూర్తి మార్కులు వేయండి.